నొక్కి పట్టిన వేలు

మేస్త్రీ వేలు పెడితే తీయడు. ఆఫీసులో అతని మీద ఉన్న నేరం అదొక్కటే.

ముప్పై నాలుగేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. లిఫ్టు మెకానిక్కు పని ఉండేది క్యాబిన్ లోపల కాదు, దాని నెత్తిమీద. చీకటి గొట్టంలో క్యాబిన్ పైకప్పు మీద నిలబడితే అక్కడొక చిన్న బటన్ల పెట్టె ఉంటుంది. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే క్యాబిన్ కదులుతుంది. వేలు తీస్తే ఆగిపోతుంది. ఆ వేలు సగంలో సందేహిస్తే మనిషి మిగలడు. అందుకని మేస్త్రీ బొటనవేలు దేన్ని తాకినా నొక్కి పట్టుకుంటుంది. కాలింగ్ బెల్లయినా అంతే. లోపలివాళ్లు తిట్టుకుంటూ తలుపు తీసేదాకా మోగుతూనే ఉంటుంది.

ఏడాది కిందట కంపెనీ మెకానిక్కులందరికీ తలో టాబ్లెట్ ఇచ్చింది. కాగితాలు పోయాయి. లిఫ్టు చూడటం, చూసింది చూసినట్టు అక్కడే టాబ్లెట్‌లో నింపటం, ఫోటోలు జతచేసి పంపటం. ఒక్కో లిఫ్టుకి నలభై ఆరు అంశాలు. మిగతా పదకొండుమందీ వారంలో అలవాటుపడ్డారు. మేస్త్రీ మాత్రం తాకి వదలాల్సిన చోట నొక్కి పట్టుకునేవాడు. అడగని జాబితాలు ఊడిపడేవి. తెరమీది బొమ్మలన్నీ చలిజ్వరం వచ్చినట్టు గజగజ వణికేవి. ఒకసారి రిపోర్టుల బొమ్మే మాయమైపోయింది. గంటలో అయ్యే తనిఖీకి రెండున్నర గంటల రాత. ఆ రాతా సగంలో చెరిగిపోయేది.

సోమవారం పొద్దున మేనేజరు అందరి ముందూ తేల్చేశాడు.

"మేస్త్రీ గారూ, మీ రిపోర్టులు మూడు వారాలు వెనకబడ్డాయి. మీరు లిఫ్టు ఎంత బాగా చూస్తే నాకేంటి? రిపోర్టు రాలేదంటే చూడనట్టే."

"చూశాను సార్. లిఫ్టులు తిరుగుతున్నాయిగా."

"తిరిగితే చాలదండీ. తిరుగుతున్నట్టు నాకు కనపడాలి."

వెనక బెంచీలోంచి ఒక గొంతు లేచింది. "బాబాయ్ టాబ్లెట్‌ని తాకడు సార్, ఇంజక్షన్ పొడుస్తాడు."

అందరూ నవ్వారు. ఆ గొంతు టకటకది. ముప్పై అయిదేళ్లవాడు. టాబ్లెట్ మీద వాడి వేళ్లు వడగళ్లలా పడతాయి కాబట్టి ఆ పేరు. లిఫ్టు దగ్గర ఉన్నది ఇరవై నిమిషాలైనా నలభై ఆరు అంశాలూ నిండిపోతాయి. ఎలా నిండుతాయని మేనేజరు ఎన్నడూ అడగలేదు.

"శుక్రవారం ఆసుపత్రి వార్షిక తనిఖీ," అన్నాడు మేనేజరు. "ఆరు లిఫ్టులు. పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టండి. సాయంత్రం అయిదుకల్లా ఆరు రిపోర్టులూ వాళ్ల ఇంజనీరు చేతిలో ఉండాలి. అయితే సరే. కాకపోతే పై సోమవారం నుంచి ఆసుపత్రి టకటకది. మీరు హాయిగా స్పేర్ పార్టుల కౌంటర్లో కూర్చోండి. రెండేళ్లేగా రిటైర్మెంటుకి."

హాయిగా అన్నమాట మేస్త్రీకి పంటికింద రాయిలా తగిలింది.

ఆ ఆసుపత్రి పద్నాలుగు అంతస్తులు. అక్కడి లిఫ్టులు ఇరవై రెండేళ్లుగా అతనివి. ఇప్పటికే రాత వెనకబడిందని రెండు నెలలుగా నాలుగు, అయిదు, ఆరు నంబర్లు టకటకకి ఇచ్చారు. వాటి చప్పుడు మారిందని కింద నిలబడి వింటేనే మేస్త్రీకి తెలుస్తోంది. ఆఖరిసారి భార్యని పైకి తీసుకెళ్లింది ఆ ఆసుపత్రి మూడో నంబరు లిఫ్టులోనే. క్యాబిన్ నేల, అంతస్తు నేల గీత గీసినట్టు కలిశాయి. స్ట్రెచరు చక్రం గుమ్మం దగ్గర ఎగిరిపడలేదు. ఆమెకి చేసిన సేవల్లో అతను తప్పు పట్టుకోలేనిది అదొక్కటే.

కౌంటర్లో కూర్చుని బోల్టులు అందించటానికి అతను సిద్ధంగా లేడు.

*

మంగళవారం మధ్యాహ్నం తోడల్లుడు ఫోన్ చేశాడు. నాలుగేళ్ల తర్వాత.

"తమ్ముడూ, మా బిల్డింగ్ లిఫ్టు అయిదు రోజులుగా ఆగిపోయింది. చూసే కంపెనీవాళ్లు రేపు రేపంటున్నారు. మీ వదినని కిందికి దింపలేకపోతున్నాను. చక్రాల కుర్చీ కదా."

వదిన అంటే అతని భార్యకి అక్క. నాలుగేళ్ల కిందట, భార్య పోయిన మూడోరోజు, ఇంటినిండా జనం ఉండగా ఆమె ఒక మాట అంది. "మూడంతస్తుల కింద బేరింగు అరిస్తే వినపడుతుంది నీకు. పక్కన మూడు నెలలు దగ్గిన మనిషి వినపడలేదా?" ఆ రోజు నుంచి అతను వాళ్ల గుమ్మం తొక్కలేదు. రెండేళ్ల కిందట ఆమెకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయని తెలిసింది. అప్పుడూ వెళ్లలేదు.

కానీ ఆగిపోయిన లిఫ్టు ఆగిపోయిన లిఫ్టే. దానికి చుట్టరికాలు తెలియవు.

వెళ్లాడు. రెండో అంతస్తు తలుపు మూసుకుందో లేదో లిఫ్టుకి చెప్పే కాంటాక్టులో చిన్న ప్లాస్టిక్ ముక్క ఇరుక్కుని ఉంది. నలభై నిమిషాల పని. అయిదు రోజులుగా ఒక మనిషి ఇంట్లో బందీ అయింది ఈ ముక్క కోసం. ముక్కని జేబులో వేసుకుని నాలుగో అంతస్తుకి లిఫ్టులోనే వెళ్లాడు. బెల్లు నొక్కాడు. తోడల్లుడు పరుగెత్తుకొచ్చి తలుపు తీసేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

"మీ లిఫ్టు నడుస్తోంది," అన్నాడు గుమ్మంలోంచే.

లోపల్నుంచి వదిన గొంతు వినపడింది. "మీ లిఫ్టట! నాలుగేళ్లకి వచ్చి మీరూ గీరూ అంటున్నాడు. లోపలికి రమ్మనండి ఆ పెద్దమనిషిని. చేతులు కడుక్కుని తగలడమనండి, సోఫాకి గ్రీజు అంటుతుంది."

పడిపోయింది చెయ్యీ కాలే. నోరు ఎప్పటిలాగే ఉంది.

చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో టాబ్లెట్. కుడిచెయ్యి దిండు మీద పడుంది. ఎడంచేతి వేళ్లు తెరమీద నడుస్తున్నాయి. తొందర లేదు, తడబాటు లేదు. ముప్పై ఏళ్లు టైపిస్టుగా చేసిన మనిషి. రెండు అక్షరాలు కొడితే రెండు వరుసలు పడుతున్నాయి. మేస్త్రీ కళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఏంటలా చూస్తావు? ఒంటిచేతి మనిషిని చూళ్లేదా?"

"రెండే కొట్టారు. అంత ఎలా పడింది?"

అప్పుడే అతని సంచీలో ఉన్న కంపెనీ టాబ్లెట్ కుయ్యిమంది. మేనేజరు పంపిన హెచ్చరిక. మేస్త్రీ తీసి దాన్ని నోరు మూయించబోయాడు. బొటనవేలు తెరమీద పడింది, అక్కడే ఉండిపోయింది. బొమ్మలన్నీ గజగజ వణికాయి.

వదిన పగలబడి నవ్వింది. "ఏం పాపం చేశాయయ్యా అవి, అలా భయపెట్టావు?"

మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. సంచీ భుజాన వేసుకున్నాడు. అయినా శుక్రవారం కళ్లముందు ఉంది. నిలబడే, నాలుగు ముక్కల్లో విషయం చెప్పాడు. ఆరు లిఫ్టులు, సాయంత్రం అయిదు గడువు, కౌంటరు. వదిన నవ్వు ఆపింది.

"కూర్చో మరిదీ. మళ్లీ నొక్కు."

నొక్కాడు.

"అలాగే పట్టుకో. ఎంతసేపు పట్టుకోగలవు?"

"మీరు చెప్పేదాకా."

"వణకదా వేలు?"

"వణికితే ముప్పై నాలుగేళ్లు బతికేవాణ్ని కాదు."

ఆమె అతని వేలివైపు కాసేపు చూసింది. "నీ జబ్బే నీకు పనికొస్తుందయ్యా. దీంట్లో దాచిన సరుకంతా నొక్కి పట్టిన వేలికిందే ఉంది. జనం తాకి పారిపోతారు, వాళ్లకి కనపడదు. నాకు రెండో చెయ్యి లేదు కాబట్టి ఒక్కోటీ వెతుక్కుని పట్టుకున్నాను. నీకు వేలు ఉంది. ఆ వేలి కింద ఏముందో నువ్వెప్పుడూ చదవలేదు, అంతే."

"బెదిరిపోయి తీసేస్తాను."

"లిఫ్టు మీద బెదరవుగా? ఇక్కడా బెదరకు. పట్టుకో, ఏం పడుతుందో చదువు, అప్పుడు కదులు."

రిపోర్టుల బొమ్మ మీద వేలు పట్టుకోమంది. చిన్న జాబితా తెరుచుకుంది. కొత్త రిపోర్టు, పాత రిపోర్టు, సగంలో ఆగిన రిపోర్టు. ఏడాదిగా ఆ సగంలో ఆగిన రిపోర్టు కోసం అతను ఆరు తెరలు దాటి వెళ్లేవాడు. అది ఒక్క వేలి కింద ఉంది.

మేస్త్రీ బూతు మాట ఒకటి మింగాడు.

*

మంగళ, బుధ, గురువారాలు సాయంత్రం అయిదు నుంచి ఏడుదాకా చదువు సాగింది. తోడల్లుడు టీ ఇచ్చి పక్కగదిలోకి తప్పుకునేవాడు. వాళ్లిద్దరి మధ్య కూర్చునేంత ధైర్యం అతనికి లేదు.

వదిన పద్ధతి టైపు ఇన్‌స్టిట్యూట్ పద్ధతి. ఒకటి వచ్చేదాకా రెండోది చెప్పదు. కీబోర్డులో ఖాళీలు కొట్టే పొడుగు మీటని నొక్కి పట్టుకుని వేలు జరిపితే అక్షరాల మధ్య గీత ఎటు కావాలంటే అటు జారుతుంది. తప్పుపడ్డ అక్షరం దగ్గరికి సూటిగా వెళ్లొచ్చు. అంతకుముందు మేస్త్రీ ఒక్క అక్షరం తప్పుపడితే వాక్యమంతా చెరిపి మళ్లీ కొట్టేవాడు. తెరని నిలువునా రెండు చేయొచ్చు. ఎడంపక్క పాత రిపోర్టు, కుడిపక్క కొత్తది. కిందటేడు కొలతలు చూడటానికి బయటికెళ్లి వచ్చేసరికి ఇక్కడ రాసింది పోయేది. ఇక పోదు. ఒక ఫోటోని వేలితో పట్టి లేపి, దాన్ని వదలకుండా ఇంకో వేలితో మిగతా ఫోటోలు తాకితే అవన్నీ మొదటిదాని వెనక పేకముక్కల్లా చేరతాయి. కట్టకట్టగా తెచ్చి రిపోర్టులో పడేయొచ్చు.

ఇది వదినకీ కష్టమే. బొటనవేలితో పట్టి, మధ్యవేలితో తాకుతుంది. మూడింట ఒకసారి జారిపోతుంది. మేస్త్రీకి మొదటిసారే పన్నెండు ఫోటోలు వచ్చాయి.

"వదల్లేదే!" అంది వదిన, మెచ్చుకోవటం ఇష్టం లేని గొంతుతో.

"వదలటం రాకే కదా తిట్లు తిన్నాను."

బుధవారం పెద్ద గొడవ అయింది. పొట్టి మాట కొడితే పొడుగు వాక్యం పడే ఏర్పాటు గురించి. మొదటిరోజు అతను నోరు వెళ్లబెట్టి చూసింది దాన్నే. వదిన ఒకటి తయారుచేసి చూపించింది. 'బ్రే' అని కొడితే 'బ్రేకు తనిఖీ చేశాను, బాగుంది' అని పడింది.

"తీసెయ్ అది," అన్నాడు మేస్త్రీ. కోపంలో మీరు పోయి నువ్వు వచ్చిన సంగతి అతను గమనించలేదు. ఆమె గమనించింది.

"ఎందుకూ? నిక్షేపంలా ఉందిగా."

"బాగుందని ముందే రాసి పెట్టుకుంటే ఇక చూసేదెందుకు? టకటక చేసే పనే అది. రాత తొందరగా అవ్వాలి. చూపు తొందరగా అవ్వకూడదు."

"మరి ఎలా రాయమంటావు, పండితుడా?"

"కొలత దగ్గర ఖాళీ ఉంచు. కొలిస్తేగానీ వాక్యం నిండకూడదు."

ఆమె మూతి విరిచింది. కానీ మార్చింది. 'బ్రేకు లైనింగు మందం ఇంత మిల్లీమీటర్లు, కిందటేడు ఇంత.' ఇంత అన్న రెండు చోట్లా ఖాళీ. అలాంటివి ముప్పై ఒకటి కూర్చారు. వైరు తాళ్లకొకటి, తలుపు రోలర్లకొకటి, అంతస్తు దగ్గర నేలలు కలిసే ఎత్తుకొకటి. ప్రతి వాక్యాన్నీ వదిన పైకి చదివి, పొల్లుమాట కనపడితే కొట్టేసింది. ముప్పై ఏళ్లు పెద్దవాళ్ల ఉత్తరాలు టైపుచేసి వాళ్ల తప్పులు చెప్పకుండా దిద్దిన మనిషి. ఇప్పుడు చెప్పి మరీ దిద్దింది.

గురువారం సాయంత్రం, అంతా పట్టుబడింది అనుకున్నాక, మేస్త్రీ అరచెయ్యి పొరపాటున తెరకి ఆనింది. అరగంట కూర్చుని నింపిన పేజీ తుడిచిపెట్టుకుపోయింది.

"మూడు వేళ్లు ఆనించు," అంది వదిన. "ఎడమకి ఒక్క గీత గియ్యి."

గీశాడు. పోయిన పేజీ ఉన్నది ఉన్నట్టు తిరిగొచ్చింది. మళ్లీ గీశాడు. అంతకుముందరి మాట వచ్చింది. వేళ్లు చూసుకున్నాడు.

వదిన కిటికీ వైపు తిరిగింది. "ఆ రోజు నేనన్న మాటకి కూడా ఇలాంటి గీత ఉంటే బావుణ్ణు."

"లేదు."

"తెలుసు. ఉన్నా నువ్వు గియ్యనివ్వవు."

"గియ్యనివ్వను. అది అబద్ధమైతే అప్పుడే మర్చిపోయేవాణ్ని వదినా."

పక్కగదిలో తోడల్లుడు కప్పులు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"సరే," అంది ఆమె చివరికి. "మళ్లీ మొదటి నుంచి చెయ్యి. రేపు నేను పక్కన ఉండను."

*

శుక్రవారం ఎనిమిదికి ఆసుపత్రి ఇంజనీరమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ. మేనేజరు టకటకని వెంటబెట్టుకొచ్చాడు.

"మీకు సాయంగా ఉంటాడు," అన్నాడు మేనేజరు.

సాయానికి కాదని, సోమవారం తాళాలు అందుకోవటానికి చూసుకోమని తెచ్చాడని మేస్త్రీకి తెలుసు. తల ఊపాడు.

మొదటి లిఫ్టు తొమ్మిదింబావుకి అయింది. చూడటమూ రాయటమూ కలిపి. పైకప్పు మీద నిలబడి ఒక్కో కొలతా తీస్తూ, పొట్టి మాట కొట్టి, ఖాళీలో అంకె నింపాడు. గుడ్డతో వేలు తుడుచుకోవటానికి పట్టిన సమయమే అదనం. రెండోది పదిన్నరకి. మూడోదాని దగ్గర ఒక నిమిషం ఎక్కువ నిలబడ్డాడు. నేలలు కలిసే చోట స్కేలు పెట్టాడు. తేడా రెండు మిల్లీమీటర్లు. రాశాడు, కదిలాడు.

టకటక ముఖంలో నవ్వు పదకొండింటికి తగ్గింది. పన్నెండింటికి పోయింది.

"బాబాయ్, ఎవరో రాసిపెట్టారు కదా నీకు?"

"చూస్తూనే ఉన్నావుగా. ఎవరున్నారిక్కడ, నువ్వూ నేనూ పావురాలూ."

"మరి వారం కిందట వేలు పెట్టటమే రాదుగా!"

"పెట్టటం వచ్చు. దాని కింద చదవటం రాలేదు."

అన్నం తిన్నాక నాలుగో లిఫ్టు. రెండు నెలలుగా టకటక చూస్తున్న లిఫ్టు. క్యాబిన్ పైకప్పు మీదికి ఇద్దరూ ఎక్కారు. మేస్త్రీ బటన్ నొక్కి పట్టి, క్యాబిన్‌ని నత్తలా కిందికి దింపుతూ, మిగతా వైరు తాళ్లన్నీ చూశాడు. చివరికి మిగిలింది పక్కనున్న సన్నని వైరు తాడు. క్యాబిన్ అదుపుతప్పి వేగం మించితే లాగి పట్టి ఆపేది ఆ తాడే. రోజూ దానికి పని ఉండదు. పని పడిన రోజు అది లేకపోతే లోపలున్నవాళ్లు ఉండరు. లిఫ్టు ఆపి, ఇక కదలకుండా స్టాప్ స్విచ్ వేసి, పాతగుడ్డ తీసి ఆ తాడు చుట్టూ వదులుగా పట్టుకుని మెల్లగా పైకి జరిపాడు. బిగించిన కొక్కేనికి జానెడు పైన గుడ్డ పట్టుకుంది. మళ్లీ జరిపాడు. మళ్లీ అక్కడే పట్టుకుంది.

తాడులో సన్నని తీగలు తెగి ముళ్లలా లేచాయి. కానీ గోడవైపు. తాడుకీ గోడకీ మధ్య నాలుగువేళ్ల సందు. తల పట్టదు. ఎదటివైపు చూస్తే తాడు నిగనిగలాడుతోంది.

"అక్కడేం లేదు బాబాయ్. పోయిన నెల ఫోటో తీశాను, బాగుంది," అన్నాడు టకటక. గొంతు కొంచెం ఎక్కువ గట్టిగా ఉంది.

మేస్త్రీ మేనేజరుకి ఫోన్ చేసి చెప్పాడు.

"ఫోటో ఉందా?" అన్నాడు మేనేజరు.

"గుడ్డ పట్టుకుంటోంది సార్."

"గుడ్డ సాక్ష్యం చెప్తుందా మేస్త్రీ గారూ? ఫోటో లేకుండా లిఫ్టు ఆపమంటే ఇంజనీరమ్మ మనల్ని ఉతికేస్తుంది. రెండు అయింది. బాగుంది అని రాసి ముందుకి కదలండి. సోమవారం టకటక చూసుకుంటాడు."

ఫోన్ పెట్టేశాడు. టకటక గోడవైపు చూస్తున్నాడు.

మేస్త్రీ టాబ్లెట్‌ని అడ్డంగా తిప్పాడు. నాలుగువేళ్ల సందులోకి తల పట్టదుగానీ పలక పడుతుంది. కెమెరా పెట్టి, దీపం వెలిగించి, పలకని గోడకి ఆనించి సందులోకి జార్చాడు. తెర గోడవైపు ఉంది, ఏం కనపడుతోందో తెలియదు, తెరమీద నొక్కటానికి దారిలేదు. అయితే అంచున శబ్దం పెంచే బటన్ ఉంది. కెమెరా తెరిచి ఉంటే ఆ బటనే ఫోటో తీస్తుందని వదిన బుధవారం చెప్పింది. వేళ్ల కొసలకి ఆ బటన్ తగిలింది. కళ్లు మూసుకుని నొక్కాడు. ఈసారి పట్టుకోలేదు. నొక్కి వదిలాడు, జరిపాడు, నొక్కి వదిలాడు. పదహారుసార్లు.

పలక బయటికి తీశాడు. పదకొండు ఫోటోల్లో గోడ. రెండింటిలో మసక. మూడింటిలో తెగిన తీగలు. లెక్కపెట్టాడు. తొమ్మిది.

టకటక భుజం మీంచి చూశాడు.

మేస్త్రీ ఒక ఫోటో పట్టి లేపాడు, వదలకుండా మిగతా రెండూ తాకాడు, మూడింటినీ కట్టగా రిపోర్టులో దించాడు. తెరని రెండు చేశాడు. ఎడంపక్క పోయిన నెల రిపోర్టు పెట్టాడు, అలవాటుగా. కుడిపక్క అంతకుముందు నెలది తెరిచాడు, కొలతల కోసం. అక్కడ ఆగిపోయాడు.

రెండు నెలల్లోనూ ఆ తాడు ఫోటో ఒకటే. ఒకే వెలుతురు. తాడు మీద అదే నూనెబొట్టు, కిందపడబోతూ పడకుండా, అదే చోట వేలాడుతోంది. నెలరోజులు గాలిలో వేలాడిన నూనెబొట్టు.

"ఇదేంటి?" అన్నాడు మేస్త్రీ.

టకటక మెల్లగా, "బాబాయ్, ఆ రోజు తొందరలో..." అన్నాడు.

"దిగు. ఇది ఆగే ఉంటుంది. అయిదు, ఆరు ఉన్నాయి ఇంకా."

*

నాలుగూ ఇరవైకి ఆరో రిపోర్టు వెళ్లిపోయింది. పైన మోటారు గదిలో ఇంజనీరమ్మ తన తెరమీద ఒక్కో రిపోర్టూ చదివింది. మేనేజరు ఆమె వెనక నిలబడి, కాలు మార్చి కాలు మీద బరువు వేస్తున్నాడు. మొదటి మూడూ చదివి ఆమె ఒక్క మాటే అంది. "పోయిన ఏడాది కొలత పక్కనే పెట్టారు. ఇన్నేళ్లలో ఎవరూ పెట్టలేదు."

నాలుగోది తెరిచింది. ఫోటోలు పెద్దవి చేసింది. మేనేజరు మెడ చాచాడు.

"ఇది గోడవైపు కదా. ఎలా తీశారు?"

మేస్త్రీ చూపించాడు. పలకని గోడకీ పైపుకీ మధ్య దూర్చి, బటన్ నొక్కి, బయటికి తీసి ఆమె చేతిలో పెట్టాడు. పైపు వెనకున్న బూజు కూడా స్పష్టంగా పడింది.

"పోయిన నెల ఇదే తాడు బాగుందని రాసి ఉంది," అంది ఆమె. "ఎవరు చూశారు?"

టకటక కిందికి చూశాడు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, అది చిన్న పొరపాటు..."

మేస్త్రీ టాబ్లెట్ తిరిగి తీసుకుని, తెరని రెండు చేసి, రెండు నెలల ఫోటోలూ పక్కపక్కన పెట్టి ఆమె ముందుంచాడు. నూనెబొట్టు మీద వేలు ఉంచాడంతే. ఎడంపక్క ఒకసారి, కుడిపక్క ఒకసారి.

ఇంజనీరమ్మ చూసింది. మేనేజరు చూశాడు. అతని ముఖం మాడిపోయింది.

"నాలుగో లిఫ్టు ఆపే ఉంచండి," అంది ఆమె. "తాడు మార్చేదాకా తిరగకూడదు. ఇంకోమాట. ఈ ఆరు లిఫ్టుల దగ్గరికి ఇకనుంచి ఈయన తప్ప ఎవరూ రాకూడదు. కాగితం మీద రాసి పంపుతాను, లేకపోతే మీకు కనపడదుగా."

ఆమె వెళ్లిపోయింది. మోటారు గదిలో ముగ్గురూ మిగిలారు.

"ముందు నాకు చెప్పొచ్చుగా బాబాయ్," అన్నాడు టకటక. "నేనే సరిచేసేవాణ్ని."

"ముందు నువ్వు చూడొచ్చుగా."

"పరువు పోయింది."

"పరువే పోయింది. పద్నాలుగో అంతస్తు నుంచి మనుషులు పోలేదు." అంతకంటే మాట్లాడటానికి మేస్త్రీకి మనసు రాలేదు. క్షమించటం ఎవరికైనా రావొచ్చు, అతనికి రాదు. నేర్చుకునే ఉద్దేశమూ లేదు.

మేనేజరు చెమట తుడుచుకున్నాడు. మాట మార్చాడు. "మేస్త్రీ గారూ, అదరగొట్టేశారు. సోమవారం మన పదకొండుమందినీ కూర్చోబెడతాను. ఈ కిటుకులన్నీ మీరే నేర్పాలి."

"సోమవారం నాకు తాడు మార్చే పని ఉంది."

"పోనీ మంగళవారం?"

"నేను నేర్పను సార్. నాకు ఓపిక లేదు, తిడతాను. నాకు నేర్పిన మనిషి ఉంది. ఆమె కూడా తిడుతుంది, కానీ పద్ధతిగా తిడుతుంది."

"ఎవరు?"

"మా వదిన. ఒంటిచేత్తో చేస్తుంది. ఆమె ఇక్కడికి రాదు, మీరే ముగ్గురు ముగ్గురుగా వాళ్లింటికి వెళ్లాలి. ముందు ఫోన్ చేసి అడగండి. ఒప్పుకుంటే ఆమె అదృష్టం కాదు, మీది." ఒక్క క్షణం ఆలోచించి కలిపాడు. "చేతులు కడుక్కుని వెళ్లమనండి."

మేనేజరు నంబరు రాసుకున్నాడు. టకటక కూడా, ఎవరూ చూడకుండా, ఫోన్‌లో ఎక్కించుకున్నాడు. మేస్త్రీ చూశాడు. చూడనట్టు ఊరుకున్నాడు. అంతవరకే చేయగలిగాడు.

తర్వాత నాలుగో లిఫ్టు మెయిన్ స్విచ్ దించి, తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. గోడమీద ఉన్న 'మరమ్మతులో ఉంది' బోర్డు తీసి మేనేజరు చేతికిచ్చాడు.

"కింద నాలుగో నంబరు గుమ్మం దగ్గర తగిలించండి సార్. దారే కదా."

"సరే, సరే. ఏ లిఫ్టులో దిగను?"

"అయిదింటికి రోగుల్ని చూసేవాళ్లు వచ్చే వేళ. అయిదు లిఫ్టులూ వాళ్లకే చాలవు." మేస్త్రీ మెట్ల తలుపు తెరిచి పట్టుకున్నాడు. "పద్నాలుగు అంతస్తులే సార్. హాయిగా దిగొచ్చు."